ప్రయాణంలో కెమెరా: ఎవరి అనుమతితో?





ఒక రాత్రి మదనపల్లెలో ఇషా నమాజు ముగిసింది. జనం వెళ్ళిపోయాక ఒక యువకుడు వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. వయసు ముప్ఫైకి మించదు. పొలాలకు డ్రిప్పు పైపులు వేసే ఒక సంస్థలో పని చేస్తున్నాడు. వారంలో రెండు రోజులు మదనపల్లె చుట్టుపక్కల, రెండు రోజులు పుంగనూరు, మిగిలిన రోజులు కుప్పం వైపు తిరుగుతాడు. వెళ్ళిన ప్రతి పొలంలోనూ పైపు వేసినట్టు రుజువుగా ఫోటో తీసి ఆఫీసుకు పంపాలి. ఫోటో లేకపోతే ఆ పని జరగనట్టే లెక్క. సెలవు దొరికితే భార్యాపిల్లలను హార్స్‌లీ హిల్స్‌కు తీసుకెళ్తాడు. అక్కడా ఫోటోలే. ఫోను తెరిచి చూపించాడు. అందులో నాలుగు వేల పైచిలుకు ఫోటోలున్నాయి.

"హజ్రత్! ఫోటో తీయడం హలాలా, హరామా? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు.

ఒక్క మాటలో జవాబు కావాలనేవారి వెనుక చాలాసార్లు పెద్ద కథే ఉంటుంది. అయినా ముందు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. ఆ రాత్రి అతనికి చెప్పిందే కొంత వివరంగా మీ ముందు ఉంచుతున్నాను.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి ప్రయాణం నుంచి ఇంటికి తిరిగి వచ్చారు. ఆయన లేనప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లోని గూటికి ఒక తెర కట్టారు. దాని మీద బొమ్మలున్నాయి. ఆయన చూడగానే ఆ తెరను లాగేశారు. అల్లాహ్ సృష్టిని పోలిన వాటిని తయారుచేయ బూనుకునేవారికి ప్రళయదినాన అతి కఠినమైన శిక్ష ఉంటుందని హెచ్చరించారు. ఆ గుడ్డతో ఒకటో రెండో దిండ్లు కుట్టుకున్నామని హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. ఇది బుఖారీలో ఉంది. పక్షి బొమ్మ ఉన్న తెర గురించి ముస్లిం హదీసు గ్రంథంలో మరో ఉల్లేఖనం కూడా ఉంది. లోపలికి వచ్చినప్పుడల్లా అది కంటబడి ప్రాపంచిక జీవితం గుర్తుకొస్తోందని, దాన్ని అక్కడి నుంచి తప్పించమని ఆయన అన్నారు.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు ఒకతను వచ్చాడు. తన చేతి పనే తన జీవనాధారమని, తాను బొమ్మలు తయారుచేస్తానని చెప్పుకున్నాడు. ఇబ్నె అబ్బాస్ (రజి) తన సొంత మాట చెప్పకుండా ప్రవక్త (స) నుంచి విన్నదే వినిపించారు. బొమ్మ చేసినవాడు అందులో ప్రాణం పోసేవరకూ శిక్షింపబడతాడు, అతను ఎన్నటికీ ప్రాణం పోయలేడు. ఆ మాట వినగానే వచ్చినవాని ముఖం పాలిపోయింది. అప్పుడు ఇబ్నె అబ్బాస్ (రజి), ఈ పని చేయక తప్పదంటే చెట్లను, ప్రాణం లేని వాటిని చిత్రించుకోమని దారి చూపారు (బుఖారీ). సోదరులారా, ఆ మహనీయుని తీరు గమనించండి. అవతలివాని పొట్టకూటి సంగతి ఆయన మరచిపోలేదు. ఒక తలుపు మూస్తూనే మరో తలుపు తెరిచారు.

ఇక కెమెరా సంగతి. 1839లో ఫ్రాన్సులో డాగ్వేర్ కనిపెట్టిన పద్ధతి లోకానికి వెల్లడైన నాటి నుంచి ధర్మపండితులు దీని గురించి చర్చిస్తూనే ఉన్నారు. మన దేశపు ఉలమాలలో చాలామంది, చేతితో గీసినా యంత్రంతో తీసినా ప్రాణుల చిత్రం చిత్రమేనని, అవసరానికి మాత్రమే అనుమతి ఉందని అంటారు. 2013లో దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ ఇదే మాట మళ్ళీ చెప్పింది. గుర్తింపు కార్డుకు, పాస్‌పోర్టుకు మినహాయింపు ఇచ్చింది. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేక్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ (మరణం 1935) అభిప్రాయం వేరు. కెమెరా కొత్తగా దేన్నీ సృష్టించదని, అద్దంలో పడే నీడను నిలిపి ఉంచుతుందని, కనుక హదీసులోని హెచ్చరిక దానికి వర్తించదని ఆయన ఒక పుస్తకమే రాశారు. ఫోను తెర మీద కనిపించి పోయే బొమ్మ వేరు, కాగితం మీద అచ్చయిన బొమ్మ వేరు అన్నది పాకిస్తాన్‌కు చెందిన ముఫ్తీ తఖీ ఉస్మానీ అభిప్రాయం.

నా మటుకు నేను అవసరానికి మించి ప్రాణుల ఫోటో తీయను, గోడకు తగిలించను. అయితే వేరొక పండితుని మాట పాటించే సోదరుణ్ణి పాపి అని పిలిచే ధైర్యం నాకు లేదు. కొండ, చెట్టు, చెరువు, కోట, పైపు, పంట – వీటి ఫోటోల విషయంలో ఎవరికీ పేచీ లేదు. అశ్లీలమైన చిత్రం, పూజింపబడే చిత్రం హరామ్ అనడంలోనూ ఎవరికీ పేచీ లేదు.

మరో మాట. కెమెరా అనే పేరు అరబ్బీలోని 'ఖమరా' నుంచి వచ్చిందని మన ఉపన్యాసాలలో తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు, అది గది అనే అర్థమున్న లాటిన్ మాట. నిజం కాని గొప్ప మనకెందుకు? నిజమైన గొప్ప ఉండనే ఉంది. క్రీ.శ. 965లో బస్రాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్, కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న పాత నమ్మకాన్ని కొట్టివేశారు. వస్తువు నుంచి వెలుగు వచ్చి కంట్లో పడితేనే మనకు చూపు అని వివరించారు. చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి, బయట దీపాలు వరుసగా ఉంచి, ఒక్కో దీపానికి గోడ మీద ఒక్కో వెలుగు చుక్క పడడం చూపారు. ఒక దీపాన్ని మూస్తే దాని చుక్క ఒక్కటే మాయమయ్యేది. నేటి కెమెరా పని చేసేది కూడా ఈ సూత్రం మీదే.

పని మీద ప్రయాణిస్తూ ఫోటో తీయడం కూడా మన సమాజానికి కొత్త కాదు. ఈజిప్టు సైన్యంలో ఇంజనీరైన ముహమ్మద్ సాదిఖ్ బే, 1861లో హిజాజ్ దారులను కొలవడానికి వెళ్ళి మదీనా నగరాన్ని మొట్టమొదటిసారి ఫోటో తీశారు. 1880లో హజ్ బృందపు కోశాధికారిగా వెళ్ళినప్పుడు మక్కాను తీశారు. ఆ రోజులలో ఒక్క చిత్రం తీయాలంటే బరువైన పెట్టె, గాజు పలకలు, రసాయనాలు మోసుకెళ్ళాలి. అందువల్ల ఏది తీయాలో ముందే ఆలోచించుకోక తప్పేది కాదు. నేడు ఆలోచించే పని లేదు. కాబాగృహం చుట్టూ ప్రదక్షిణ చేస్తూ చేయి పైకెత్తి తమను తామే తీసుకునేవారు ఎక్కువైపోయి, 2017 నవంబరులో సౌదీ ప్రభుత్వం రెండు పవిత్ర మస్జిదులలోనూ ఫోటోలను, వీడియోలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఎన్నో ఏళ్ళు రూపాయి రూపాయి కూడబెట్టి అక్కడికి చేరినవాడు కాబాకు వీపు తిప్పి నిలబడితే ఏమనాలి?

అంత దూరం ఎందుకు? మన హార్స్‌లీ హిల్స్ సంగతే చూద్దాం. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అనే ఆంగ్లేయుని పేరు రాకముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తు. భూమిపై సంచరించి అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడమని అన్‌కబూత్ సూరా ఆదేశిస్తోంది. ఒంటె ఎలా సృజించబడిందో, పర్వతాలు ఎలా నాటబడ్డాయో గమనించరా అని గాషియా సూరా అడుగుతోంది. కనుక కొండకు వెళ్ళి చూడడం వృథా కాలక్షేపమేమీ కాదు. పిల్లలకు చూపించండి, ఫోటో కూడా తీసుకోండి. కానీ ఖుర్ఆన్ చూడమన్నది కంటితో, ఆలోచించమన్నది హృదయంతో. గాలిబండ మీద సాయంత్రం వేళ నిలబడి చూడండి. సూర్యుడు దిగే క్షణం కోసం పదుల సంఖ్యలో ఫోన్లు లేచి ఉంటాయి. ఎర్రని బింబం కొండ వెనక్కి జారగానే ఏ వేళ ప్రవేశిస్తుందో మనకు తెలుసు. మగ్రిబ్ వేళ చాలా చిన్నది. తీసిన ఫోటోలలో ఏది బాగుందో ఏరుకుంటూ ఆ కాస్త సమయాన్నీ పోగొట్టుకునే మన పిల్లలను నేను చూశాను. ఒకప్పుడు నేనూ పోగొట్టుకున్నాను.

గుర్రంకొండ కోటకు వెళ్ళేవారికి అక్కడ మీర్ రజా అలీ ఖాన్ మఖ్బరా కనిపిస్తుంది. సమాధులను సందర్శించండి, అవి పరలోకాన్ని గుర్తుకు తెస్తాయన్నది ప్రవక్త (స) బోధన. సమాధి ముందు నల్లద్దాలు పెట్టుకుని నడుం మీద చేయి వేసి నిలబడితే ఏ లోకం గుర్తుకొస్తుందో వారికే తెలియాలి.

నేను ఇంత చెప్పినా ఆ యువకుడు లేవలేదు. "అయితే హజ్రత్, అవసరానికి తీసిన ఫోటో హరామ్ కాదంటారు కదా?" అని మళ్ళీ అడిగాడు. అప్పుడు నేను, "బేటా, అసలు జరిగిందేమిటో చెప్పు" అన్నాను.

కుప్పం అవతల, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఒక పల్లె. అక్కడ ఒక రైతు పొలంలో టమాటా మడికి డ్రిప్పు వేశారు. పని చివర ఒక చోట పైపు ఊడి నీళ్ళు చిమ్మాయి. రైతు భార్య చీర ఎగగట్టి, తడుస్తూ, వంగి పైపు బిగిస్తోంది. ఇతను రెండో పొలానికి పోవాలన్న తొందరలో పక్క నుంచి ఒక ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. ఫోటో బాగా వచ్చిందనిపించి, కష్టజీవి అని రెండు మంచి మాటలు రాసి తన స్టేటస్‌లోనూ పెట్టాడు. అక్కడి నుంచి ఎవరో తీసుకున్నారు. దాని కింద రాయకూడని మాటలు రాసి తిప్పారు. పది రోజులలో అది తిరిగి తిరిగి ఆ పల్లెకే చేరింది. ఆ ఇంట్లో గొడవలయ్యాయి. ఆమె కొన్ని నెలలు పొలానికే రాలేదట. ఇతను మళ్ళీ వెళ్ళినప్పుడు ఆమె భర్త గట్టు మీదే ఆపి, "నా చేన్లో అడుగు పెట్టొద్దు" అన్నాడట.

"నేను చెడు ఉద్దేశంతో తీయలేదు హజ్రత్. అల్లాహ్‌కు తెలుసు. ఫోటో తీయడమే హరామ్ కాకపోతే నా తప్పేమీ లేనట్టే కదా?"

ప్రియ పాఠకులారా! మనలో ఎందరమో ఇలాగే ధర్మశాస్త్రం దగ్గరికి వెళ్తాం. మనకు కావలసింది తీర్పు కాదు, విడుదల చీటీ. కెమెరా హలాలా హరామా అన్న ప్రశ్న మీద మన మస్జిదులలో, ఇళ్ళలో ఎన్నో ఏళ్ళుగా వాదించుకున్నాం. ఆ వాదనలో పడి రెండో ప్రశ్నను వదిలేశాం. ఆ ఫోటోలో ఉన్న మనిషి హక్కు మాటేమిటి? దీనిలో ఏ మజ్‌హబ్‌కూ భిన్నాభిప్రాయం లేదు. ఫోటో పూర్తిగా ధర్మసమ్మతం అనే పండితుడు కూడా, ఒకరి తెరను వారి అనుమతి లేకుండా తొలగించవచ్చని అనడు.

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకుని, సలాం చేసి గాని ప్రవేశించకూడదని నూర్ సూరా ఆదేశం. ఒకసారి ఒకతను ప్రవక్త (స) గదిలోకి రంధ్రం గుండా తొంగి చూశాడు. ఆయన చేతిలో తల దువ్వుకునే ఇనుప దువ్వెన ఉంది. నువ్వు చూస్తున్నావని ముందే తెలిసి ఉంటే దీనితో నీ కంట్లో పొడిచేవాణ్ణని కోపగించారు. అనుమతి అనే నియమం పెట్టిందే చూపు కోసం అన్నారు (బుఖారీ, ముస్లిం). కాలు లోపల పెట్టకపోయినా కన్ను లోపల పెడితే ప్రవేశించినట్టే. అలాంటప్పుడు ఆ చూపును నిలిపి ఉంచి వెయ్యి మందికి పంచిపెట్టే యంత్రం సంగతి ఏమిటి? పొలానికి గోడలు లేవు నిజమే. కానీ తన చేనిలో తాను పని చేసుకుంటున్న స్త్రీకి ఆ చేనే ఇల్లు.

రెండోది గీబత్. సోదరుని గురించి అతనికి ఇష్టం లేనిది అతని వెనుక ప్రస్తావించడమే గీబత్ అని, అది నిజమైనా సరే గీబతేనని ప్రవక్త (స) నిర్వచించారు. నాలుకతోనే చేయాలని లేదు. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి ఒకరిని అనుకరించి చూపబోగా, ఎంత ఇచ్చినా సరే తాను ఒకరిని అనుకరించడానికి ఇష్టపడనని ఆయన వారించారు (అబూదావూద్, తిర్మిజీ). ఒక మనిషి నడకను చేసి చూపడమే అంత బరువైతే, ఆ మనిషిని ఉన్నదున్నట్టుగా, తడిసిన బట్టలతో, పదిమంది ముందు నిలబెట్టడం ఎంత బరువు?

ఆ యువకుడు అన్నాడు – "వాళ్ళు ముస్లింలు కారు హజ్రత్." మా ఇళ్ళలో ఉన్నంత పట్టింపు వాళ్ళ ఇళ్ళలో ఉండదని అతని భావం కాబోలు. నాకు కోపం వచ్చింది. ఒప్పందంలో కలిసి బతుకుతున్న ముస్లిమేతరునికి అన్యాయం చేసినవానికి, అతని హక్కు తగ్గించినవానికి, శక్తికి మించిన భారం మోపినవానికి, మనస్ఫూర్తిగా ఇవ్వనిదే అతని నుంచి ఏదైనా తీసుకున్నవానికి ప్రతివాదిగా ప్రళయదినాన తానే నిలబడతానని ప్రవక్త (స) అన్నారు (అబూదావూద్). మనస్ఫూర్తిగా ఇవ్వనిది తీసుకోవడం! ఫోటో 'తీసుకున్నాను' అనే అంటాం కదా మనం. ఆ తల్లి ఇచ్చిందా?

ఉద్దేశం మంచిదే అన్నాడు. కర్మలు సంకల్పాలను బట్టి అన్న హదీసు అందరికీ కంఠస్థమే. కానీ పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు కూడా బాధిత కుటుంబానికి పరిహారం ఇవ్వాలని నిసా సూరా విధిస్తోంది. ఉద్దేశం మంచిదైతే అల్లాహ్ దగ్గర శిక్ష తప్పవచ్చు, మనిషికి జరిగిన నష్టం మాత్రం తీర్చవలసిందే. అల్లాహ్ హక్కులో లోపం చేస్తే తౌబాతో ఆయన క్షమిస్తాడు. దాసుల హక్కు అలా కాదు. ఎవరి పరువుకైనా, మరి దేనికైనా అన్యాయం చేసి ఉంటే, దీనారూ దిర్హమూ చెల్లని రోజు రాకముందే ఈ రోజే వారితో మాఫీ చేయించుకోమని హదీసు (బుఖారీ). ఆ రోజున చెల్లింపు పుణ్యాలతో జరుగుతుంది. పుణ్యాలు అయిపోతే అవతలివారి పాపాలు మన నెత్తికెత్తబడతాయి.

అతనికి ఇంత చెబుతూ ఉంటే నా సొంత లెక్క ఒకటి నాకు గుర్తుకొచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయినప్పుడు, మేము కొందరం దుప్పట్లు, బియ్యం పట్టుకుని వెళ్ళాం. చందా ఇచ్చినవారికి చూపించాలని ఫోటోలు తీశాం. ఒక ముసలమ్మ దుప్పటి అందుకుంటూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మాలో ఒకరు, "అమ్మా, ఇటు చూడు" అన్నారు. ఆ అన్నది నేనే. దెప్పిపొడిచి, మనసు నొప్పించి దానధర్మాలను వ్యర్థం చేసుకోవద్దని, అలా చేస్తే జనానికి చూపడానికి ఖర్చు చేసేవానితో సమానమవుతారని బఖరా సూరాలో చదివి వినిపించేది కూడా నేనే. ఆ అమ్మ ఎవరో, ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. దుఆలో ఆమెను తలుచుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు. నీకైతే ఆ ఊరు తెలుసు, ఆ చేను తెలుసు అని ఆ యువకునితో అన్నాను.

పనిలో ఫోటో తప్పదని మీలో కొందరు అంటారు. నిజమే. ఉపాధి హామీ కూలీల హాజరుకు 2023 జనవరి 1 నుంచి అన్ని చోట్లా ఫోన్‌లో ఫోటో తప్పనిసరి చేశారు. ఇల్లు కట్టుకున్నవారి ఫోటో, అప్పు తీసుకున్నవారి ఫోటో, అన్నీ రుజువులే. ఆ పనిలో ఉన్న మన పిల్లలు ఉద్యోగం మానుకోవాలని నేను అనను. ముందు అడగండి. అది ఎక్కడికి వెళ్తుందో, ఎందుకో చెప్పండి. సర్దుకుని నిలబడే వ్యవధి ఇవ్వండి. పైపు చూపిస్తే చాలినప్పుడు పైపే తీయండి, మనిషిని తీయకండి. ఆఫీసు కోసం తీసింది ఆఫీసుకే, అది అమానత్. బ్యాంకు పని చేసేవాడు ఖాతాదారుని డబ్బు తన జేబులో వేసుకుంటే ఏమంటాం? పని కోసం తీసిన ముఖాన్ని తన స్టేటస్‌లో వేసుకోవడం కూడా అలాంటిదే. పని ముగిసి, పంపవలసింది పంపాక ఫోను నుంచి తుడిచేయండి.

విహారయాత్రలలో మరో రకం సంగతి. కొండ మీద మన కుటుంబాన్ని తీస్తుంటే వెనుక పరాయి కుటుంబం పడుతుంది. వారిలో ఆడపిల్లలుంటారు. కాస్త ఆగితే వారు పక్కకు వెళ్తారు, లేదా మనమే పక్కకు జరగవచ్చు. మన ఇంటి ఆడపిల్లల ఫోటోలు వారిని అడగకుండా బంధువుల గ్రూపులలో పెట్టే అన్నలు, మామలు ఉన్నారు. ఆ తర్వాత ఏదైనా మాట వస్తే తిట్లు తినేది ఆ పిల్లే. చూపు దించుకోమని నూర్ సూరా ముందుగా ఆదేశించింది పురుషులను. స్త్రీల ప్రస్తావన ఆ తర్వాతి వాక్యంలో వస్తుంది. మన ఉపన్యాసాలలో ఈ వరుస తలకిందులవుతోంది.

కువైట్‌లో, దుబాయ్‌లో ఇళ్ళలో పనిచేసే మన రాయలసీమ అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మీ యజమాని ఇంటిని, పిల్లలను ఫోటో తీసి ఊరికి పంపడం మీకు సరదా కావచ్చు. అక్కడి చట్టాలు దానిని నేరంగా చూస్తాయి, జైలు దాకా పోవచ్చు. మన దేశంలోనూ ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ ప్రకారం, ఒకరి గోప్యమైన దేహభాగాలను సమ్మతి లేకుండా చిత్రించి పంపడం నేరమే. చట్టం పట్టుకున్నంత మేరే తప్పు అనుకోవడం విశ్వాసి లక్షణం కాదు, అది వేరే సంగతి.

ఇక ఆ యువకుని విషయం. వెళ్ళి మాఫీ అడగమన్నాను. "కొడతారేమో హజ్రత్" అన్నాడు. "నేనూ వస్తాను" అన్నాను. రెండు వారాలు కనిపించలేదు. మూడో వారం తానే వచ్చి, రేపు వెళ్దామన్నాడు.

పొద్దున్నే బయలుదేరాం. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు అతను కిటికీలోంచి ఒక పొట్టి ఆవును చూపించాడు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన ఇంట పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫోటోలు వచ్చాక, బయటి ఊళ్ళ వాళ్ళు వచ్చి ఈ ఆవులతో ఫోటోలు దిగుతున్నారట. అలవాటుగా అతని చేయి జేబులోకి పోయింది. మళ్ళీ ఖాళీగా బయటికి వచ్చింది. పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడి నుంచి పల్లెకు ఆటో.

భర్త చేను గట్టు మీదే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆ యువకుడు నమస్కారం పెట్టి, తాను తీసిన ఫోటో వల్లే ఇదంతా జరిగిందని, తప్పు తనదేనని చెప్పాడు. వేరెవరో రాశారు, తిప్పారు అనే మాట ఎత్తలేదు. దారిలో ఆ మాట ఎత్తవద్దని నేను చెప్పలేదు కూడా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంటి వైపు తిరిగి భార్యను పిలిచాడు.

ఆమె వచ్చి వాకిట్లో నిలబడింది. ఇతను తల దించుకుని అదే మాట మళ్ళీ చెప్పాడు. ఆమె విని ఇలా అంది:

"ఆ పొద్దు ఒక్క మాట అడిగింటే కొంగు సర్దుకోని నిలబడింటా గదన్నా. నేనేమన్నా వద్దంటినా?"

మాఫీ చేశానని ఆమె అనలేదు. మేమూ నొక్కించి అడగలేదు. ఆ ఫోటో ఫోన్లో ఇంకా ఉందా అని అడిగింది. లేదని చూపించాడు. ఆఫీసు గ్రూపులో ఉన్నదాన్ని కూడా తీయించానని చెప్పాడు. ఆమె భర్త లోపలి నుంచి రెండు చెంబుల మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. పైపు మళ్ళీ ఒకచోట కారుతోందని, వచ్చే వారం వచ్చి చూసిపొమ్మని అన్నాడు.

తిరుగు ప్రయాణంలో వి.కోటలో అసర్ వేళయింది. మదనపల్లె నుంచి కుప్పం వంద కిలోమీటర్లు దాటుతుంది. హనఫీ పండితులు చెప్పే 48 మైళ్ళు, అంటే దాదాపు 77 కిలోమీటర్ల హద్దు కంటే అది ఎక్కువే కనుక మేము ముసాఫిర్లం. రెండు రకాతులు ఖస్ర్ చేసుకున్నాం. ప్రయాణికుని దుఆ తిరస్కరించబడదని హదీసులో ఉంది. అతను సజ్దాలో చాలాసేపు ఉండిపోయాడు. బస్సు ఎక్కాక ఫోను తీసి, ఆ నాలుగు వేల ఫోటోలను మొదటి నుంచి చూడడం మొదలుపెట్టాడు. ఒక్కోదాని దగ్గర ఆగి, ఈమెను అడిగానా, ఇతన్ని అడిగానా అని గొణుక్కుంటూ, కొన్నింటిని తుడిచేస్తూ, కొన్నింటి దగ్గర ఊరి పేరు ఒక కాగితం మీద రాసుకుంటూ పోయాడు. పుంగనూరు చేరేసరికి కాగితం ఒక వైపు నిండింది.